కొండెక్కే కాళ్లకూ కోచ్ కావాలి



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మన పిల్లల గురించి బయటోళ్లు తరచూ ఒక మాట అంటారు. "వీళ్లకు వ్యాయామం నేర్పాల్నా? కొండలెక్కి దిగేటోళ్లు, పుట్టుకతోనే గట్టోళ్లు" అని. వినడానికి పొగడ్త లెక్కనే ఉంటది. కానీ ఆ మాట చాటునే పీఈటీ పోస్టు ఖాళీగా ఉండిపోతది, బడి గ్రౌండులో గడ్డి మొలుస్తది.

కట్టెల మోపు మోయడం పని, వ్యాయామం కాదు. వ్యాయామం అంటే వయసును, ఒంటిని చూసి, ఒళ్లంతా కదిలేటట్టు, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయేది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచే కదలిక కావాలని, వారంలో 3 రోజులైనా ఎముకలు, కండరాలు గట్టిపడే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. ఊర్లో చెట్లెక్కిన పిల్లోడు హాస్టల్‌కొచ్చి పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్ అని కూర్చుంటే ఆ గంట ఎక్కడి నుంచి వస్తది?

ఇంకో ముఖ్యమైన సంగతి. మన పిల్లల్లో రక్తహీనత ఉంది, సికిల్ సెల్ ఉంది. సికిల్ సెల్ ఉన్న పిల్లను ఎర్రటెండలో, నీళ్లు తాగనీయకుండా ఉరికిస్తే నొప్పులు ముంచుకొస్తయి, ప్రాణం మీదికి రావచ్చు. అట్లని ఆమెను మూలన కూర్చోబెట్టొద్దు. డాక్టరును అడిగి, మధ్యమధ్య నీళ్లు, విశ్రాంతి ఇస్తూ ఆడించాలి. ఇది తెలిసిన మనిషి గ్రౌండులో ఉండాలి. కోచ్ కావాలనేది అందుకే.

ఇదేం దయాదాక్షిణ్యం కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటది. 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు పార్ట్ టైం బోధకుడైనా ఉండాలంటది.

నేర్పితే ఏమైతదో చూసినం. ముండా బిడ్డ జైపాల్ సింగ్ 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత హాకీ జట్టుకు కెప్టెన్. తర్వాత రాజ్యాంగ సభలో మన గొంతు అయిండు. నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ పూర్ణ గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. ఇద్దరికీ సత్తువ ఉంది, నిజమే. నేర్పినోళ్లు కూడా ఉన్నరు.

అయితే అందరూ పతకాలే తేవాలని కాదు. ప్రతి బిడ్డా నిటారుగా పెరగాలి, అది చాలు.

ఈ వారం మీ ఊరి బడికి పోండి. పీఈటీ ఉన్నరా, ఆటల పీరియడ్ నిజంగా జరుగుతున్నదా, ఆడపిల్లలు ఆడుతున్నరా, సికిల్ సెల్ పరీక్షలు చేసినరా, గుడ్డు రోజూ పెడుతున్నరా అడగండి. లేకుంటే గ్రామసభలో తీర్మానం రాసి ఐటీడీఏకు ఇవ్వండి. పోస్టు నిండేదాకా సాయంత్రం మీరే కబడ్డీ, ఖోఖో, విల్లంబు ఆడించండి. కానీ పోస్టు అడగడం మాత్రం ఆపకండి.

జై ఆదివాసీ!