నలభై వాట్ల రేడియో
(ఉగాది సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం కాగానే ఎవరో ఒకరు లేచి తెలుగు భాష గొప్పతనాన్ని గూర్చి ఉపన్యసించడం మన ఉగాది సభలకు అలవాటు. ఈసారి మేము ఆ మాట ఎత్తదలచుకోలేదు. ఒక చిన్న రేడియో కేంద్రం కథ చెప్పదలచుకొన్నాము. అది మన చెన్నపట్నంలోనే పుట్టింది, ఇక్కడే మూతపడింది, మళ్ళీ ఇక్కడే లేచి నిలిచింది. దాని జమాఖర్చులు వింటే మన సంఘం జమాఖర్చులు మీకు జ్ఞాపకం రాక మానవు.

1924 మే నెలలో సి.వి. కృష్ణస్వామి సెట్టిగారు, మరికొందరు ఉత్సాహవంతులు కలసి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించారు. ఆ జూలై 31న ప్రసారాలు మొదలైనాయి. 2024తో అందుకు నూరేళ్ళు నిండాయి. బొంబాయిలో కంపెనీవారు రేడియో కేంద్రం తెరవడానికి మూడేళ్ళ ముందు మాట ఇది. మొదటి ట్రాన్స్‌మిటరు శక్తి 40 వాట్లు. వెనుకటి రోజుల్లో మన వసారాలో వెలిగే చిన్న బల్బు ఎంతో, అదీ అంతే! తరువాత 200 వాట్ల యంత్రం వచ్చింది.

ఇంత చిన్న కేంద్రం నడపడంలో కష్టమేమిటని అడగవచ్చును. ఆనాటి ప్రసారం ఏ.ఎం. పద్ధతిది. మాట్లాడే గొంతు హెచ్చుతగ్గులను బట్టి తరంగం బలం హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. రేడియో పెట్టె ఆ హెచ్చుతగ్గులనే మళ్ళీ ధ్వనిగా మారుస్తుంది. పద్ధతి తేలికైనది. కాని ఆకాశంలో మెరుపు మెరిసినా, పక్కింట్లో మోటారు తిరిగినా ఆ అలజడి కూడ అందులో కలుస్తుంది. పాటతోపాటు గరగర వినవస్తుంది. ఆ గరగరను మించి పాట వినబడాలంటే శక్తి పెంచాలి. శక్తి పెంచాలంటే పెద్ద యంత్రం కావాలి, ఎత్తైన స్తంభం కావాలి, కరెంటు ఖర్చు భరించాలి.

మరి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? నాటకశాల అయితే వాకిట్లో మనిషిని నిలబెట్టి టిక్కెట్టు అడగవచ్చు. రేడియోకు వాకిలి ఏది? చందా కట్టినవారూ వింటారు, కట్టనివారూ వింటారు. మూడేళ్ళపాటు ఎలాగో నెట్టుకొచ్చిన క్లబ్బు డబ్బు చాలక 1927 అక్టోబరులో ప్రసారాలు ఆపివేసింది.

క్లబ్బువారికి వ్యాపారం తెలియక ఇలా జరిగిందని అనుకోకండి. వ్యాపారం తెలిసినవారి గతీ ఇంతే అయింది. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1927లో బొంబాయిలోను, కలకత్తాలోను ఒక్కొక్కటి 1,500 వాట్ల కేంద్రాలు తెరిచింది. రేడియో లైసెన్సుకు ఏటా 10 రూపాయలు. అందులో 8 రూపాయలు కంపెనీకి. 1929 ఆఖరుకు దేశం మొత్తంమీద లైసెన్సులు 7,719. లెక్క కట్టి చూడండి: ఏడాదికి 62 వేల రూపాయలైనా లేదు. అందులోనుంచే గాయకులకు, ఇంజనీర్లకు, కరెంటుకు, రెండు మహానగరాలలో చెల్లింపులు జరగాలి. లైసెన్సు లేకుండా వినేవారికి మాత్రం కొదవ లేదు. 1930 మార్చిలో ఆ కంపెనీ దివాలా తీసింది.

మన క్లబ్బు మూతపడినప్పుడు ఒక మంచి పని చేసింది. ట్రాన్స్‌మిటరును తుక్కుకింద అమ్ముకోకుండా మద్రాసు కార్పొరేషనుకు అప్పగించింది. 1930 ఏప్రిల్ 1న కార్పొరేషను ఆ పని అందుకొన్నది. సాయంకాలాలు సంగీతం, బడిపిల్లలకు పాఠాలు, కథలు. సొంతంగా రేడియో కొనలేనివారు వినడానికి మెరీనా తీరంలో లౌడ్‌స్పీకర్లు. వీధిదీపం, కుళాయి నీళ్ళు ఎలా ఊరి బాధ్యతో రేడియో కూడ అలాగే ఊరి బాధ్యత అని వారు భావించారు. అందువల్లనే అది ఎనిమిదేళ్ళు నిలిచింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. ఆ నెలలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ కేంద్రంనుంచి తెలుగులో ప్రసంగించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరిన పెద్దమనిషి ఆయన. సరిహద్దు ఇటుదో అటుదో కాని గొంతు అందరికీ వినబడింది.

ఆ తరువాత 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1963లో విశాఖపట్నం, కడప కేంద్రాలు వచ్చాయి. పగలు నేలవెంబడి కొంతదూరమే పోయే మధ్యమ తరంగాలు రాత్రివేళ ఆకాశపు పొరను తాకి తిరిగివచ్చి, దూరదేశాలలో కూడ వినబడతాయి. రాష్ట్రం వెలుపల ఉన్న తెలుగు ఇండ్లలో రాత్రిపూట ముల్లు మెల్లగా తిప్పుతూ, గరగరలోనుంచి తెలుగు మాటకోసం చెవి ఒగ్గిన కాలం పెద్దలకు తెలుసు. ఇటీవలి సంవత్సరాలలో ఆకాశవాణి మధ్యమ తరంగ ట్రాన్స్‌మిటర్లు అనేకం మూతపడ్డాయి. వినేవారు ఎఫ్.ఎం. వైపు, ఫోనువైపు మళ్ళారు. పాత యంత్రాలు నడపడం భారమైంది. ప్రభుత్వం చేతిలోకి పోయినంత మాత్రాన ఏదీ శాశ్వతం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇప్పుడు తెలుగు వినడానికి మనకు లోటు లేదు. జేబులోని ఫోనులోనే కావలసినంత వినవచ్చు. మనకు లోటైనది భారం మోసేవారు. ఉగాది పచ్చడినాడు హాలు నిండుతుంది. ఆదివారం పిల్లల తెలుగు తరగతినాడు బల్లలు ఖాళీగా ఉంటాయి. సభ్యత్వ చందా పుస్తకంలో పేర్లకన్న ఈ హాలులో తలకాయలు ఎక్కువ. ఇది ఎవరినీ నొప్పించడానికి అనే మాట కాదు. రేడియోకు వాకిలి లేనట్టే మన సంఘానికీ వాకిలి లేదు, పెట్టదలచుకోలేదు కూడ. అందరూ రావలసిందే, వినవలసిందే. కాని 40 వాట్లకైనా ఎవరో ఒకరు నూనె పోయాలి గదా!

క్లబ్బు ఓడిపోయిందని కొందరనవచ్చును. మేము అలా అనుకోము. వారు మూడేళ్ళు మోసి, యంత్రాన్ని చెడకుండా అప్పగించబట్టే కార్పొరేషనుకు చేయడానికి ఒక పని దొరికింది. మనమూ ఎల్లకాలం ఉండము. మా కార్యవర్గంలో సగంమంది అరవై దాటినవారమే. మన తరువాతివారికి అందించడానికి నడిచే తరగతి ఒకటి, దుమ్ము పట్టని గ్రంథాలయం ఒకటి, బాకీలు లేని చిట్టా ఒకటి ఉండాలి.

అందుకు మేము కోరేవి రెండే. ఇంటికి ఒకరు ఈ ఏటి చందా ఈ వారంలోనే చెల్లించండి. తెలుగు చదవడం వచ్చిన ప్రతివారు నెలకు ఒక్క ఆదివారం, ఒక్క గంట, తరగతికి వచ్చి పిల్లల పక్కన కూర్చోండి. పేర్లు వ్రాసుకొనే పుస్తకం పచ్చడి గిన్నెల పక్కనే ఉంచాము.