పిలిచేది దేవుడు, పలకవలసింది బిడ్డ



ఈ వారం ధ్యానానికి సమూవేలు మొదటి గ్రంథంలోని మొదటి, మూడవ అధ్యాయాలు తీసుకున్నాం. హన్నా కథ మనకు కొత్తది కాదు. బిడ్డలు లేక ఏడ్చి, షిలో మందిరంలో మొక్కుకుని, పుట్టిన కొడుకును పాలు మాన్పించగానే తెచ్చి దేవునికి అప్పగించిన తల్లి ఆమె. మన తల్లులు ఎంతోమంది ఆ కథను తమ కథగా చేసుకున్నారు. గుణదల కొండ ఎక్కి, "మేరీమాతా, ఈ పాప బ్రతికితే నీకే ఇచ్చేస్తాను, సిస్టరును చేస్తాను" అని మొక్కుకున్నవారు మీలోనూ ఉంటారు. అలాంటి ఒక తల్లి మాకు ఉత్తరం రాశారు. అమ్మాయికి ఇంటర్ పూర్తయింది, కాన్వెంటుకు వెళ్ళనంటున్నది, మొక్కు తీరకపోతే ఇంటికి కీడు వస్తుందా అని అడిగారు.

అమ్మా, మీ మొక్కు మీది. పాపది కాదు. ఇది నేను మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు. 1983 నాటి శ్రీసభ చట్టం, 1193వ సూత్రం చెప్పే మాట. మొక్కు ఎవరు చేస్తే వారినే కట్టివేస్తుంది. మనసులో బరువు తగ్గకపోతే మీ విచారణ గురువుల దగ్గరకు వెళ్ళండి. తగిన కారణం ఉంటే వ్యక్తిగతమైన మొక్కునుంచి విడుదల ఇచ్చే అధికారం వారికి ఉన్నది. మన దేవుడు అప్పులవాడు కాడు, గుమ్మంలో కూర్చుని వసూలు చేయడానికి.

మరి సమూవేలు సంగతేమిటి అంటారా? మూడవ అధ్యాయం చూడండి. రాత్రివేళ దేవుడు అతణ్ణి పేరు పెట్టి పిలిచాడు. కుర్రవాడు ఏలీ పిలిచాడనుకుని మళ్ళీ మళ్ళీ లేచి పరుగెత్తాడు. మూడోసారికి గాని ఏలీకి విషయం అర్థం కాలేదు. అప్పుడైనా ఆ ముసలి యాజకుడు తానే జవాబు చెప్పలేదు, పిల్లవాణ్ణి వెళ్ళి పలకమన్నాడు. తల్లి మొక్కు సమూవేలును గుడిదాకా తెచ్చింది. పలికింది మాత్రం సమూవేలే.

అందుకే శ్రీసభ ఈ విషయంలో చాలా కఠినంగా ఉంటుంది. 643వ సూత్రం ప్రకారం 17 ఏళ్ళు నిండనివారిని, వివాహబంధంలో ఉన్నవారిని, వేరొక మఠసభ బంధంలో ఉన్నవారిని నొవిషియేటులో చేర్చుకుంటే ఆ చేరిక చెల్లదు. బలవంతం వల్లనో, తీవ్రమైన భయం వల్లనో, మోసపోయో వచ్చినవారి చేరికా చెల్లదు. చెల్లదంటే తప్పు అని మాత్రమే కాదు, అసలు చేరనట్టే లెక్క. కటువైన మాటే అయినా చెప్పక తప్పదు: ముగ్గురు ఆడపిల్లలున్న ఇంట్లో మూడోదానికి కట్నం తేలేక "నువ్వు సిస్టర్లలో కలువమ్మా" అనడం పిలుపు కాదు. అది కట్నం లెక్క.

ఇంకోవైపు తలుపు మూసేవారూ ఉన్నారు. బిడ్డకు నిజంగా కోరిక ఉంటే, సంబంధాలు తెచ్చి, అన్నం మానేసి, ఏడ్చి ఆపేవారు. 1563లో ట్రెంటు మహాసభ ఒకే చోట రెండు పక్షాలనూ శపించింది. స్త్రీని బలవంతంగా మఠంలో చేర్చేవారిని, న్యాయమైన కారణం లేకుండా ఆమె పవిత్ర కోరికను అడ్డుకునేవారిని కూడా. కేరళకు చెందిన పునీత అల్ఫోన్సమ్మ పెళ్ళి తప్పించుకోవడానికి నిప్పుల గుంటలో కాలు పెట్టింది. 2008లో ఆమెను పునీతురాలిగా ప్రకటించినప్పుడు ఈ సంగతి మన గుడులలో బాగా వినిపించింది. అమ్మాయిలూ, ఆ పని మీరు చేయవద్దు. పెద్దలారా, ఒక బిడ్డకు అంత అవసరం ఎందుకు వచ్చిందో మీరు ఆలోచించండి.

అప్పుల సంగతి చాలామందికి తెలియదు. తీర్చలేని అప్పు ఉన్నవారిని చేర్చుకోవద్దని 644వ సూత్రం. నర్సింగు చదువుకు బ్యాంకులో తన పేరున లోను తీసుకున్న అమ్మాయి ముందు ఆ సంగతి మదర్‌గారికి దాచకుండా చెప్పాలి. రెండు మూడేళ్ళు ఉద్యోగం చేసి తీర్చి రమ్మంటే బాధపడవద్దు. తండ్రి చేసిన అప్పు వేరు, అది ఆమె అప్పు కాదు. కాని తల్లిదండ్రులకు పూట గడవని స్థితి ఉండి, ఆమె తప్ప దిక్కు లేకపోతే? 13వ శతాబ్దంలోనే పునీత తోమాస్ అక్వినాసు చెప్పారు, అలాంటి తల్లిదండ్రులను వదిలి మఠంలో చేరకూడదని. అయితే "ముసలితనంలో మాకు తోడు ఉండదు" అనే బెంగ వేరు, ఆకలి వేరు. రెండింటినీ ఒకటి చేయకండి.

ఇంట్లోనే ఉంటూ, తన కష్టంతో బ్రతుకుతూ, పీఠాధిపతి చేతుల మీదుగా కన్యగా ప్రతిష్ఠ పొందే మార్గం కూడా శ్రీసభలో ఉన్నది. ఆదిసంఘం నాటి ఈ ఆచారాన్ని 1970లో కొత్త క్రమంతో పునరుద్ధరించారు, 2018లో రోము నగరం దాని గురించి వివరమైన సూచనలు ఇచ్చింది. ఒకసారి పెళ్ళి అయినవారికి, వితంతువులకైనా సరే, ఈ ప్రతిష్ఠ ఉండదు. మఠంలో చేరడానికి మాత్రం వైధవ్యం అడ్డు కాదు. మన పల్లెల్లో ఈ రెండింటినీ కలగలిపి, భర్త పోయినవారిని అన్నిటినుంచీ తోసివేస్తారు.

ఆరోగ్యం చాలక, స్వభావం కుదరక, "నీవు ఇక్కడికి తగవు" అనిపించుకుని పెట్టె పట్టుకుని తిరిగి వచ్చినవారు కూడా ఈ ప్రసంగం వింటుండవచ్చు. ఊరు వారిని ఎలా చూస్తుందో నాకు తెలుసు. ఫ్రాన్సు దేశంలో లూయీ మార్టిన్ అనే యువకుడు ఆల్ప్స్ కొండల్లోని మఠానికి వెళితే లతీను నేర్చుకుని రమ్మన్నారు. అతనికి ఆ చదువు సాగలేదు. జెలీ గెరిన్ అనే అమ్మాయి సిస్టర్లలో చేరతానంటే, ఇది దేవుని చిత్తం కాదని మదర్‌గారు పంపివేశారు. ఈ ఇద్దరూ 1858లో పెళ్ళి చేసుకున్నారు. తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు, నలుగురు పసితనంలోనే పోయారు, మిగిలిన ఐదుగురు ఆడపిల్లలూ కన్యాస్త్రీలయ్యారు. వారిలో చివరిది మన చిన్న తెరేజమ్మ. ఆమెకూ అడ్డంకులు తప్పలేదు. మేనమామ కాదన్నారు, మఠానికి పెద్దగా ఉన్న గురువు 21 ఏళ్ళు రావాలన్నారు, 1887లో రోముకు వెళ్ళి 13వ లియో పోపుగారి కాళ్ళ దగ్గర మోకరించి అడిగినా సూటిగా అవునని అనలేదు. తండ్రి లూయీ మాత్రం మొదట అడిగిన రోజునే సరేనన్నారు. 1888 ఏప్రిల్ 9న, 15 ఏళ్ళ బిడ్డను ఆయనే లిసియే కార్మెల్ మఠం గుమ్మందాకా తీసుకువెళ్ళి, మోకరించి, దీవించి లోపలికి పంపారు.