ఓట్ల రోజున ఏ వేళకు వెళ్దాం?

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచి పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బాకీలు అన్నీ విన్నారు. ఇప్పుడు డబ్బుతో పనిలేని మాట ఒకటి చెప్పుకుందాం. ఓట్ల రోజున మనం ఏ వేళకు వెళ్లి ఓటు వేయాలి? "ఇదీ ఒక విషయమేనా, ఎప్పుడో ఒకప్పుడు వెళ్లి వేసొస్తాం కదా" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. మేమూ అలాగే అనుకున్నవాళ్లమే. ఆ "ఎప్పుడో ఒకప్పుడు" వల్లనే మనలో ఒకామె ఓటు పోయింది.

2024 మే 13 మీకు గుర్తుండే ఉంటుంది. అసెంబ్లీకి, పార్లమెంటుకు ఒకే రోజున ఓట్లు. హైదరాబాదు, బెంగళూరు నుంచి పిల్లలంతా బస్సులు పట్టుకుని ఊళ్లకు వచ్చారు. మన రాష్ట్రంలో నూటికి ఎనభై మందికి పైగా ఓటు వేసిన రోజు అది. ఆ రోజు మన సభ్యురాలు ఒకామె పొద్దున్నే వంట చేసి, మంచం మీదున్న అత్తగారికి అన్నీ చూసి, మధ్యాహ్నం పన్నెండుకు బూత్‌కు వెళ్లింది. లైను గేటు బయటి దాకా ఉంది. అత్తగారికి మందు వేసే వేళ అవుతోందని, సాయంత్రం వద్దామని వెనక్కి తిరిగింది. ఇంటికి చుట్టాలు వచ్చారు, మళ్లీ వంట. బయలుదేరేసరికి ఆటో దొరకలేదు. బూత్ దగ్గరికి చేరేసరికి సాయంత్రం ఆరు దాటి పది నిమిషాలు. గేటు మూసేశారు. లోపల లైనులో ఇంకా మనుషులు ఉన్నారు, ఓట్లు పడుతున్నాయి. కానీ ఆమెను లోపలికి పంపలేదు. పంపకపోవడమే రూలు.

తర్వాత జరిగిన సంఘం మీటింగులో ఆమె ఒక మాట అంది. "నేను వాయిదా ఒక్క రోజు ఆలస్యం చేస్తే పదిమందీ ఇంటికి వస్తారు. నా ఓటు పోతే మాత్రం ఒక్కరూ అడగలేదు." ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ ఏడు దీన్ని సర్వసభ్య సమావేశానికి తెచ్చాం.

మనం లెక్కలు తెలిసినవాళ్లం కాబట్టి ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక బూత్‌లో వెయ్యి మంది ఓటు వేయడానికి వస్తారనుకోండి. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా 11 గంటలు, అంటే 660 నిమిషాలు. మనిషికి సుమారు 40 సెకన్లు. గంటకు 90 మంది. అందరూ రోజంతా సర్దుకుని వస్తే ఎవరికీ పెద్దగా నిలబడే పని ఉండదు. కానీ ఏడింటికే 270 మంది వచ్చి నిలబడ్డారనుకోండి, చివర ఉన్నామె లోపలికి వెళ్లేసరికి పది అవుతుంది. లైను పొడుగు ఊళ్లో ఎన్ని ఓట్లున్నాయనే దాన్ని బట్టే కాదు, అందరూ ఒకే వేళకు రావడాన్ని బట్టి కూడా ఉంటుంది.

ఇక ఒక్కో వేళ సంగతి చూద్దాం.

పొద్దున ఏడు గంటలు. ఎండ ఉండదు. దీనికి ఇంకో పెద్ద లాభం ఉంది. ఏదైనా చిక్కు వస్తే సరిచేసుకోవడానికి రోజంతా చేతిలో ఉంటుంది. మన పేరు ఈ బూత్‌లో కాదు, పక్క బూత్‌లో ఉందంటారు. కార్డు ఇంట్లో మరిచిపోయి ఉంటాం. లేదంటే మన పేరు మీద ఎవరో ముందే ఓటు వేసేసి ఉంటారు. అలా జరిగితే ఏడ్చుకుంటూ తిరిగి రాకూడదు. ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గరికి వెళ్లి మనం మనమేనని రుజువు చూపిస్తే టెండర్డ్ ఓటు అని బ్యాలెట్ కాగితం ఇస్తారు. ఇవన్నీ పొద్దున తెలిస్తే తేల్చుకోవచ్చు. సాయంత్రం ఐదున్నరకు తెలిస్తే చేయగలిగింది తక్కువ.

పొద్దున్న వెళ్తే ఒక ఇబ్బందీ ఉంది. పోలింగుకు ముందు ఏజెంట్ల ఎదుట నమూనా ఓట్లు వేసి యంత్రాలను సరిచూస్తారు. అయినా కొన్నిచోట్ల మొరాయిస్తాయి. 2019 ఏప్రిల్ 11న మన రాష్ట్రంలో చాలాచోట్ల అలా జరిగి పోలింగు ఆలస్యంగా మొదలైంది, కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాకా సాగింది. కాబట్టి ఏడింటికి వెళ్లేవాళ్లు కొంత ఓపికతో వెళ్లాలి.

తొమ్మిది నుంచి పదకొండు. ఇంటి పని అయ్యాక ఆడవాళ్లందరం బయలుదేరే వేళ ఇదే. అందుకే ఆడవాళ్ల లైను అప్పుడే పెరుగుతుంది. ఇంటి పని అందరికీ ఒకే సమయానికి తెమలడం వల్ల లైనులోనూ అందరం ఒకేసారి పడుతున్నాం.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు. లైను తగ్గే అవకాశం ఎక్కువ. బూత్ ఇంటికి దగ్గరలో ఉండి, ఆరోగ్యం బాగున్నవాళ్లకు ఇది మంచి వేళే. కానీ మే నెల ఎండ మామూలుది కాదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు, ఉపాధి పనికి వెళ్లి అలిసిపోయి వచ్చినవాళ్లు ఈ వేళ పెట్టుకోవద్దు. వెళ్లేవాళ్లు మజ్జిగో, నీళ్లో తాగి, తలమీద కొంగు వేసుకుని వెళ్లండి.

సాయంత్రం ఐదు తర్వాత. ఇది ఆఖరి బస్సు లాంటిది. దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. అయితే ఒక్క మాట అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోండి. ముగింపు సమయానికి మనం లైనులో ఉంటే మనల్ని ఎవరూ పంపించేయలేరు. ఆ సమయానికి లైనులో చివర ఉన్నవాళ్ల దగ్గరి నుంచి మొదలుపెట్టి అందరికీ నంబరు వేసిన చీటీలు ఇస్తారు. చీటీ చేతిలో ఉంటే రాత్రి పది అయినా ఓటు వేసే వస్తాం. చీకటి పడిందని, ఇంట్లో ఎదురుచూస్తున్నారని చీటీ వదిలేసి రావద్దు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి వెళ్లండి.

ఇంకో సంగతి. ముగింపు సమయం అన్ని ఎన్నికలకూ ఒకటి కాదు. 2024లోనే అరకు, పాడేరు, రంపచోడవరం వంటి ఏజెన్సీ నియోజకవర్గాల్లో సాయంత్రం 4 గంటలకే ముగించారు. పంచాయతీ ఎన్నికలైతే ఇంకా తొందరగా అయిపోతాయి. 2021లో మన పంచాయతీ ఎన్నికల్లో పోలింగు ఉదయం ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకానే. పక్కన తెలంగాణలో 2025 డిసెంబరులో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో ఒంటిగంటకే ముగించి, రెండింటి నుంచి లెక్కింపు మొదలుపెట్టారు. సర్పంచి ఎన్నికకు "సాయంత్రం వెళ్దాంలే" అనుకుంటే మనం వెళ్లేసరికి గెలిచినవాళ్లకు దండలు వేస్తుంటారు. మన వీధి దీపం, మన మంచినీళ్లు, మన మురికి కాలువ తేల్చేది ఆ ఎన్నికే. అందుకని ఏ ఎన్నికైనా సరే, మొదలయ్యేది ఎప్పుడు, ముగిసేది ఎప్పుడు అని ముందు వారం మీటింగులోనే మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలి.

మరి వీటిలో ఏది మంచి వేళ? అందరికీ ఒకటే వేళ అని మేము చెప్పలేం. పసిబిడ్డ తల్లికి ఒక వేళ, కూలికి వెళ్లే అక్కకు ఒక వేళ, ముసలమ్మకు ఒక వేళ. కానీ ఒక్కటి మాత్రం అందరికీ చెబుతాం. ఇంట్లో అందరి పనులూ అయ్యాక మిగిలిన వేళను ఓటుకు ఇవ్వొద్దు. మిగిలితే పొదుపు చేద్దాం అనుకున్నన్నాళ్లు మన ఇళ్లలో రూపాయి మిగల్లేదు. ముందు పొదుపు కట్టి తర్వాత ఖర్చు పెట్టడం మొదలుపెట్టాకే నిలిచింది. ఓటుకూ అంతే. ముందు ఓటు వేళ పెట్టుకుని, దాని చుట్టూ వంట, గొడ్లు, చాకిరీ సర్దుకోవాలి. ఆ పూటకు ఇంట్లో మగవాళ్లు పొయ్యి దగ్గర నిలబడితే ఏమీ తప్పు లేదు.

ఇంట్లో మనిషి లేనివాళ్లకు సంఘమే మనిషి. ఆ రోజు మన సభ్యురాలి అత్తగారి దగ్గర మనలో ఒకరు గంటసేపు కూర్చుని ఉంటే ఆమె ఓటు పోయేది కాదు. పదిమంది ఉన్న సంఘంలో ఐదుగురు పొద్దున వెళ్లి, ఐదుగురు వాళ్ల పిల్లల్ని, ముసలివాళ్లను చూసుకోవచ్చు. వాళ్లు వచ్చాక వీళ్లు వెళ్లవచ్చు. అప్పులు వంతులవారీగా ఇచ్చుకోవడం మనకు కొత్త కాదు, ఇదీ అలాంటిదే.

బూత్‌లో ఆడవాళ్లకు వేరే లైను ఉంటుంది. ముసలివాళ్లను, వికలాంగులను, గర్భిణులను, చంటిబిడ్డ తల్లులను ముందు పంపాలి. అడగడానికి మొహమాటం వద్దు. 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవాళ్లు 2024లో ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు ఇచ్చారు. దానికి నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే 12డి ఫారం ఇవ్వాలి. ఓటరు చీటీ ఒక్కటే తీసుకెళ్తే చాలదు, గుర్తింపు కావాలి. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం లాంటివి ఏదో ఒకటి పట్టుకెళ్లండి. పాసుపుస్తకం అంటే మన సొంత ఖాతాది, సంఘానిది కాదు.

చివరగా ఒక జాగ్రత్త. "ఆటో పంపిస్తాం, పదింటికి రెడీగా ఉండండి" అని పార్టీలవాళ్లు వస్తారు. అభ్యర్థుల తరఫున ఓటర్లను బండ్లలో మోయడం చట్టప్రకారం నేరం. పైగా వాళ్ల ఆటో ఎక్కితే వేళ వాళ్లది అవుతుంది, దారిలో మాటలూ వాళ్లవే అవుతాయి. మన సమాఖ్య ఏ పార్టీదీ కాదు. ఏ వేళకు వెళ్లాలో సంఘంలో కూర్చుని కలిసి మాట్లాడుకుందాం. ఎవరికి వేయాలో మాత్రం సంఘంలో మాట్లాడవద్దు. అది ఎవరి మనసులో వాళ్లే తేల్చుకోవాల్సింది.

కాబట్టి కార్యవర్గం ఈ నాలుగు తీర్మానాలు మీ ముందు పెడుతోంది.

1. ఎన్నికకు ముందు వారం ప్రతి సంఘం మీటింగులో పోలింగు వేళలు, ఎవరి బూత్ ఏది అన్నది చదివి వినిపించాలి. జాబితాలో పేరు లేనివాళ్లు చివరిదాకా ఆగకుండా, ఎన్నికల ప్రకటన రాకముందే బీఎల్‌ఓను కలవాలి.

2. ప్రతి సభ్యురాలు తను వెళ్లే వేళ ముందుగా చెప్పాలి. మంచంపట్టినవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇళ్లకు వంతు వేసుకోవాలి.

3. లైను చూసి వెనక్కి తిరగకూడదు. తప్పనిసరిగా తిరిగి వస్తే ముగింపుకు గంట ముందే మళ్లీ లైనులో ఉండాలి.

4. ఓట్లు అయిన తర్వాతి మీటింగులో ఎవరికి ఓటు వేశారని ఎవరూ ఎవరినీ అడగరాదు. వెళ్లలేకపోయినవాళ్లను ఎందుకు వెళ్లలేకపోయారో మాత్రం తప్పక అడగాలి. నిందించడానికి కాదు, ఈసారి ఆ అడ్డు లేకుండా చూడడానికి.

ఆ సభ్యురాలు ఈ రోజు మూడో వరుసలో కూర్చుని ఉంది. పేరు చెప్పవద్దంది, చెప్పం. ఈసారి ఆమె వేళ పొద్దున ఏడున్నర. ఆ గంట వాళ్ల అత్తగారి దగ్గర కూర్చునేది మా కార్యవర్గం వాళ్లమే. ఆమె వచ్చాక మేము వెళ్తాం.

తీర్మానాలు ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.