వేడి నేర్పే పాఠం

అబిడ్స్‌లో చదువుకునేటప్పుడు నాంపల్లి పక్కనే, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వైపు చూడ్డానికే భయపడేవాళ్లం. ఇప్పుడు రేడియాలజిస్టుగా నేను కాలేయంలోని చిన్న కణితిని సూది గుచ్చి, రేడియో తరంగాల వేడితో మాడ్చేస్తున్నాను. 60 డిగ్రీలు దాటితే కణాలు దాదాపు తక్షణమే చనిపోతాయి. వాటినుంచి బయటపడ్డ ప్రోటీన్లను డెండ్రైటిక్ కణాలు ఏరుకుని, శత్రువు ఇలా ఉంటాడని టి-కణాలకు పాఠం చెబుతాయి, అచ్చం మన మాస్టార్లలాగే! కానీ ఆ పాఠం చాలాసార్లు ఎక్కువకాలం నిలవదు. అందుకే ఇమ్యూనోథెరపీ మందులు జోడించి పరిశోధనలు చేస్తున్నారు. ఇంట్లో కాపడం పెడితే క్యాన్సర్ గడ్డ కరగదు. నొప్పి లేదని ఊరుకోకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. వజ్రోత్సవానికి మనమంతా మళ్లీ కలవాలి.