అనుమతికి పుట్టుక యేల?
(వ్యాసర్పాడిలో మన కుటుంబముల కూటమియందు గావించిన ప్రసంగము)



రాత్రివేళ ఆటకో పాటకో అనుమతి కోరినప్పుడు అధికారులు అడుగదగిన ప్రశ్నలు గలవు. జనమెందరు? ఎన్ని గంటలకు ముగియును? నిప్పంటుకొన్నచో వెలుపలికి దారి కలదా? ఇవి న్యాయమైనవి. వచ్చువారు ఏ జాతివారని యడుగుట న్యాయము కాదు.

అట్లడిగిన దేశములు లేకపోలేదు. లండను పోలీసువారు 2005లో ప్రవేశపెట్టిన 696వ నంబరు ఫారములో, రాబోవు ప్రేక్షకులు ఏ జాతివారను ప్రశ్న యుండెను. విమర్శలు రాగా ఆ ప్రశ్నను తొలగించిరి. 2017లో ఫారమునే రద్దు గావించిరి. న్యూయార్కులో రాత్రి క్లబ్బులందు పాడుటకు 1967 వరకు పోలీసు చీటీ యుండవలసి యుండెను. నల్లజాతి గాయని బిల్లీ హాలిడే 1947లో శిక్షపడిన పిదప దానిని కోల్పోయెను. మరుసటి యేడు కార్నెగీ హాలు నిండ జనము ఆమె పాట వినిరి. క్లబ్బులలో మాత్రము ఆమె పాడరాదు!

మన యింటి సంగతియు చూతము. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వచ్చెను. ఎరుకలవారు మున్నగువారు నేరమేమియు చేయకున్నను రాత్రులందు హాజరు పలుకవలసి వచ్చెను. గడలెక్కి మనలను అలరించిన దొమ్మరులును ఆ చట్టము పాలబడిరి. ఆట చూచుటకు వారు కావలెను. ఆట ముగిసిన పిదప అనుమానింపబడిరి. మద్రాసులో 1947లో ఆ చట్టము తొలగెను. ఆ చూపు తొలగినదా?

మన ఉత్తర చెన్నై గానా పాటకు పుట్టినిల్లు. పేటలలోని దళితులు, కూలిజనము చావింట రాత్రి తెల్లవార్లు పాడుకొను పాట అది. అది వినబడగానే రౌడీల గోలయని ముఖము చిట్లించువారు మనలోను గలరు. మన పందిటి హరికథ భక్తియు, ప్రక్క వీథి డప్పు అల్లరియు నగునా? 2000వ సంవత్సరపు శబ్దనియమములు రాత్రి 10 గంటలకు మైకు ఆపుమనును; ఎవరి మైకో యడుగవు.

కావున నా మనవి రెండు. ఫిర్యాదు చేయవలసినచో గంటయు, శబ్దమును వ్రాయుడు. వీథి పేరునుబట్టి మనుషులను నిందింపకుడు. అనుమతి నిరాకరించినచో, మనకైనను వారికైనను, కారణమును వ్రాతమూలముగా కోరుడు. పరభాషా ప్రాంతమున తరతరములుగా న్యాయము కోరుచున్న మనము ప్రక్క వీథివారికి దానిని నిరాకరింపరాదు.