శిక్ష ఎక్కువైందని అడగడం మన హక్కు

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనవాడికి శిక్ష పడిందనగానే వాడలో ఒకటే మాట: "ఇంకేముంది, అయిపోయింది." అయిపోలేదు. నేరం చేశాడా లేదా అన్నది ఒక ప్రశ్న. చేసినదానికి ఇంత శిక్షా అన్నది రెండో ప్రశ్న. మొదటిదాంట్లో ఓడినా రెండోది అడగొచ్చు.

చిలకలూరిపేట సంగతి గుర్తు చేసుకోండి. 1993 మార్చిలో బస్సు దోపిడీకి పోయి, పెట్రోలు పోసి నిప్పంటించిన కేసు. 23 మంది కాలిపోయారు. ఆ చావుల్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష వేశారు. 1996లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. 1997 మార్చిలో ఉరికి తేదీ పెట్టారు. దళిత సంఘాలు, పౌరహక్కుల సంఘాలు ఊరుకోలేదు. నేరాన్ని సమర్థించలేదు, ప్రాణం తియ్యొద్దన్నారు. ఉరి ఆఖరి గడియలో ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. అడిగారు గనకే ఆ ఇద్దరూ బతికారు.

అందరూ అంతదూరం పోనక్కర్లేదు. మేజిస్ట్రేటు శిక్ష వేస్తే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు, సెషన్స్ కోర్టు వేస్తే 60 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వెయ్యాలి. ఉరిశిక్షకైతే 30 రోజులే. హైకోర్టు ఖాయం చెయ్యందే అది అమలు కాదు. గడువు దాటినా, సరైన కారణం చూపి అప్పీలు తీసుకోమని కోర్టును అడగొచ్చు. జైలుశిక్ష పడినవాడికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి. జైల్లో ఉన్నవాడు జైలు అధికారి చేతికే అప్పీలు ఇవ్వొచ్చు. లాయరు ఫీజుకని ఉన్న అరెకరం తాకట్టు పెట్టకండి. 1987 న్యాయసేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి.

"అడిగితే ఇంకా పెరుగుద్దేమో" అని కొందరికి భయం. మనం వేసిన అప్పీలు మీదే శిక్ష పెంచడానికి చట్టం ఒప్పుకోదు. పెంచాలంటే సర్కారు వేరుగా అడగాలి, అప్పుడూ మన మాట వినాల్సిందే.

ఏం చూపించాలి? వయసు, ఇదే మొదటి తప్పని, ఇంట్లో ఎవరు ఆధారపడి ఉన్నారు, జైల్లో నడవడిక ఎట్లా ఉంది. చట్టమే కనీస శిక్ష పెట్టినచోట మాత్రం మామూలుగా అంతకు దిగదు. అది ముందే తెలుసుకోండి.

కార్యకర్తలకు ఒక పని. మీ ఊళ్లనుంచి ఎవరు జైల్లో ఉన్నారు, తీర్పు ఏ రోజు వచ్చింది, గడువు ఎన్నాళ్లుంది, రేపే రాసుకోండి. ఆ పుస్తకం పట్టుకుని కోర్టులో న్యాయసేవల కమిటీ గుమ్మం ఎక్కండి.

జై భీమ్.