రెండు తోటలు

దుత్తలూరు, ఉదయగిరి వంటి మెట్టసీమలో తోట యనగా బావినీటితో పెరిగిన మామిడియో నిమ్మయో. కాయ కాచినదే తోట. ఇంగ్లాండు పల్లెలలోని ప్రభుభవనములను చూడబోయినవారికి కనబడునది వేరు: విశాలమైన పచ్చికబయలు, వంపులు తిరిగిన చెరువు, తమంత తాము మొలచినవేమో యనిపించునట్లు నాటిన చెట్లు. పశువులు రాకుండ కట్టిన గోడను సయితము కందకములో దింపి దాచుదురు. కిటికీనుండి చూచువారికి దూరపు పొలము కూడ తోటయే యని తోచును. మన మెట్టరైతు విన్నచో నవ్వును.

బర్క్‌షైరులో రెడింగు పట్టణమునకు సమీపమున నున్న స్వాలోఫీల్డు పార్కు అట్టి భవనములలో నొకటి. 1685లో జాన్ ఎవెలిన్ దానిని దర్శించి, అక్కడ వేయి ఆపిలుచెట్ల తోట యున్నదని తన దినచర్యలో వ్రాసికొనెను. 1820లో దానిని కొన్నవాడు హెన్రీ రస్సెల్ తండ్రి. కుమారుడు అదే యేట హైదరాబాదు రెసిడెంటు పదవిని వదలెను.

రస్సెల్‌కు పూర్వము ఆ పదవిలో నుండిన జేమ్స్ అఖిలీస్ కర్క్‌పాట్రిక్ కోఠీలో తోట నిర్మింపగోరి, స్థలమునకై పెద్ద పటము గీయించి నిజామునకు చూపెను. నిజాము నిరాకరించెను. మీర్ ఆలం నవ్వి, ప్రభువు తన రాజ్యపటమునే అంత పెద్దదిగా చూచి యెరుగడు, చిన్నదిగా గీయింపుమనెను. చీటియంత కాగితముపై గీయింపగా వెంటనే అనుమతి లభించినదట!

ఘోషాలో నుండు భార్య ఖైరున్నీసాకై అతడు ఆ తోటలో రంగమహలు కట్టించి, చెంతనే పెద్ద భవనపు నమూనాగా ఒక బొమ్మయిల్లు నిలిపెను. భవనపు ముఖభాగమును ఆమె ఆ బొమ్మలోనే చూచెనని చెప్పుదురు. రంగమహలును 1860లో కూల్చిరి. పెద్ద భవనము మరమ్మతులు పొంది 2023లో తెరువబడినది. ఆ ఆవరణము నేడు మహిళా విశ్వవిద్యాలయము.

వారి బిడ్డలిద్దరిని 1805లో ఇంగ్లాండునకు పంపిరి. కుమారునకు నాలుగేండ్లు, కుమార్తెకు మూడు. ఓడ యెక్కుటకు ముందు మద్రాసులో చిన్నరీ వారి నిలువెత్తు చిత్రమును వ్రాసెను. తండ్రి ఆ యేడే గతించెను. తల్లి 1813లో, బిడ్డలను మరల చూడకయే కన్నుమూసెను. నడుమ ఆమెను చేరదీసి విడిచినవాడు రస్సెలే. చిత్రము అతని వశమై స్వాలోఫీల్డు చేరినది.

కిట్టీ యను పేరుతో పెరిగిన ఆ కుమార్తె 1840 ప్రాంతమున స్వాలోఫీల్డునకు వెళ్లినది. అంత అందమైన తోట నడుమ, పరుల యింటి గోడపై, తన పసితనము వ్రేలాడుచుండుట చూచి భోరున ఏడ్చినది. పిదప హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నీసాకు జాబు పోయెను. సుమారు నలుబదియేండ్లకు మనుమరాలి కబురు విన్న ఆ వృద్ధురాలు పారసీలో బదులు వ్రాయించెను. ఆమె 1847లో మరణించెను. వారిరువురును మరల కలిసికొనలేదు.